తీతువు గుడ్లు, నా కరపత్రాలు

గోదావరి ఇసుక తిన్నె మీద పక్షుల సంరక్షణ సభ పెట్టాలనుకున్నప్పుడు, ఆ తిన్నె మీద పక్షులున్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. ఫ్లెక్సీ మీద మాత్రం పక్షి ఉంది. ఏ దేశానిదో, ఎర్ర రెక్కల రామచిలుక.

ఆ వేసవిలో నేను కాటారం నుంచి రోజూ బస్సులో కాళేశ్వరం వచ్చి, నది ఒడ్డున పక్షి గూళ్లు లెక్కపెట్టి రాసుకునేదాన్ని. మాట్లాడనక్కర్లేని ఉద్యోగమని చేరాను. నది తీతువులు ఏటా తగ్గిపోతున్నాయి. ఇసుక లారీలు తొక్కని తిన్నె అదొక్కటే మిగిలింది. సభా వేదికకు గీత గీసిన చోటికి ఇరవై అడుగుల దూరంలో, ఒట్టి ఇసుకలో ఒక తీతువు నాలుగు గుడ్లు పెట్టింది.

సభకు ముందురోజు చదును చేయడానికి జేసీబీ వచ్చింది. దగ్గరుండి చేయిస్తున్నది సర్పంచ్ సాబ్. సర్పంచ్ ఆయన భార్య. సాబ్ మాత్రం ఆయనే.

"అక్కడ గుడ్లున్నయి సార్" అన్నాను. నా గొంతు నాకే సరిగా వినపడలేదు.

"ఉండనీ బిడ్డా. రేపు సభకు పెద్దసారు వచ్చి పిట్టలను కాపాడాలని చెప్పిపోతడు. ఎల్లుండి సంది కాపాడుదం."

అంతలో తీతువు లేచి జేసీబీ చుట్టూ తిరుగుతూ అరవసాగింది. డ్రైవర్ ఇంజన్ ఆపాడు.

"గిదేం పిట్ట అక్కా?"

"తీతువు."

అతను బండి దిగేశాడు. "నాతోని కాదు సాబ్. ఇంట్ల మా అవ్వకు పానం బాగలేదు."

సాబ్ ముఖం మారింది. "రేపు పెద్దసారు మైకు పట్టంగ గిది నెత్తి మీద అరిస్తే ఎట్ల? సదువుకున్నదానివి, నువ్వు చెప్పు బిడ్డా. ఇది అరిస్తే కీడంటరు, నిజమేనా?"

నా సంచి నిండా కరపత్రాలున్నాయి. 'తీతువు కూత అపశకునం కాదు. గుడ్లను కాచుకునే తల్లి కేక.' రాసింది నేనే. బడుల్లో పంచుతున్నదీ నేనే. నేను చదివే పుస్తకాల్లో ఆడవాళ్లు ఇలాంటి చోట నిజం చెబుతారు. నేను నా చెప్పుల వైపు చూస్తూ నిలబడ్డాను.

"చూసినవా, చెప్పలేక ఊకున్నది" అన్నాడు సాబ్ డ్రైవర్‌తో. "మరి గుడ్లు తీసేపిద్దమా?"

"ముట్టేదెవరు సాబ్?"

సభ కల్యాణ మండపానికి మారింది. పక్షుల మీద మూఢనమ్మకాలు వదలాలని పెద్దసారు గట్టిగా చెప్పాడు. నా కరపత్రంలోని వాక్యమే చదివాడు. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది సాబే. నేనూ కొట్టాను.

సాయంత్రం తిన్నెకు వెళ్లాను. నాలుగు గుడ్లూ ఉన్నాయి. నేనూ ఒక జేసీబీనే అన్నట్టు తీతువు నా నెత్తి మీద అరిచింది. లెక్క డైరీలో రాసుకున్నాను. మిగిలిన కరపత్రాలను, ఆ గుడ్లు పిల్లలై రెక్కలొచ్చి ఎగిరేదాకా, ఆ ఊళ్లో ఎవరికీ పంచలేదు.