నాడి పట్టి పాడిన పాట

సరళకుమారి ఏ పాట మొదలుపెట్టినా ముందు ఎడమ మణికట్టు మీద కుడిచేతి మూడు వేళ్ళు ఆనిస్తుంది. పైటకు పిన్నుతో వేలాడే చిన్న గడియారం వైపు తల వంచుతుంది. పదిహేను సెకన్లు లెక్కపెట్టి, నాలుగుతో హెచ్చవేసి, ఆ అంకె మనసులో పెట్టుకుని అప్పుడు నోరు తెరుస్తుంది. పప్పుకు తాలింపు వేస్తూ పాడాలనిపించినా ఇదే పద్ధతి. ఈలోగా తాలింపు మాడుతుంది. ఢిల్లీ లక్ష్మీ నగర్‌లో వాళ్ళుండేది రెండు గదుల ఇల్లు. ముందు గదిలో పేపరు చదువుకునే భర్త సాలొమోనుకి ఆవాలు మాడిన వాసన వచ్చిందంటే పాట వస్తోందని అర్థం.

ఇది కాకినాడలో నర్సింగు చదివే రోజుల్లో పట్టుబడిన అలవాటు. చర్చిలో హార్మోనియం వాయించే మాస్టారు ఆమె పాట విని, "గొంతుంది. తాళం లేదు" అన్నాడు. మర్నాటి నుంచి ఆమె నాడి చూసుకుని పాడింది. మాస్టారు మళ్ళీ ఆ మాట అనలేదు.

ఇరవై నాలుగేళ్ళ వయసుకే రెండు క్యాసెట్లు వచ్చాయి. పాటలన్నీ ఆమె రాసినవే. అట్ట మీద రెండు జడలతో ఆమె ఫొటో, వెనక ఏదో చలిదేశపు జలపాతం. ఆ జలపాతం ఎక్కడిదో క్యాసెట్టు వేసినవాళ్ళకీ తెలియదు. "ఉప్పునీళ్ళ బావిలోన తీపి ఊట నీవయా" అనే పాటను నర్సాపురం సభల్లో మూడుసార్లు పాడించుకున్నారు. మూడో క్యాసెట్టుకు పాటలు సిద్ధమయ్యేసరికి క్యాసెట్లు పోయి సీడీలొచ్చాయి. సీడీలకు కొత్త గొంతులొచ్చాయి. అదే నెలలో ఢిల్లీ ఆసుపత్రి నుంచి ఉద్యోగం కాగితం వచ్చింది. రెండేళ్ళు చేసి వద్దామని రైలెక్కింది. ఇరవై ఆరేళ్ళయింది. ఈ ఇరవై ఆరేళ్ళలో ఇతరుల పాటలు పాడింది. తనది ఒక్కటీ రాయలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు.

మొన్న ఫిబ్రవరిలో వార్డుకి పాలకొల్లు నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. కొడుకుది ఇక్కడ ఉద్యోగం. మోకాలి ఆపరేషన్ అయిన మూడో రోజు, సరళకుమారి బీపీ చూస్తుంటే ఆవిడ కళ్ళు మూసుకుని ఉప్పునీళ్ళ బావి పాట తీసింది.

"ఈ పాట ఎక్కడ నేర్చుకున్నారండీ?" అంది సరళకుమారి.

"మా చర్చిలో ఇప్పటికీ పాడతామమ్మా. ఇది రాసినావిడ పాపం చచ్చిపోయిందంట."

"ఎవరు చెప్పారు?"

"మా పాస్టరుగారే చెప్పారు. చిన్న వయసులోనే పోయిందంట. ఆవిడ కోసం ప్రార్థన కూడా చేశాం."

సరళకుమారి బీపీ పట్టీ విప్పి మడతపెట్టింది. తన మణికట్టు మీద వేళ్ళు పెట్టుకుంది.

"ఏంటమ్మా చూసుకుంటున్నావు?"

"ఉందో లేదోనని" అంది సరళకుమారి.

ఆ సాయంత్రం మెట్రోలో సీటు దొరికింది. డ్యూటీ చీటీ వెనక రెండు పంక్తులు రాసింది.

*నిదుర లేచిన కన్నులకు*
*కిటికీ ఒకటి చాలునయా*

ఆపరేషన్ తరువాత మత్తు దిగి కళ్ళు తెరిచేవాళ్ళు ముందు కిటికీ వైపు చూస్తారు. అది ఆమె ఇరవై ఆరేళ్ళుగా చూస్తున్నది. ఈస్టరు నాటికి పాట మూడు చరణాలైంది. మెల్లని పాట. నిమిషానికి డెబ్బై రెండు, కూర్చున్నప్పుడు ఆమె నాడి అంతే.

చర్చి వార్షికోత్సవంలో పాడతానని ఆమె పాస్టరు నథానియేలుకు చెప్పింది. ఇంటికొచ్చి భర్తకు కూడా చెప్పింది.

"ఇది అనుకున్నట్టు వస్తే రాస్తూ ఉంటాను. రాకపోతే పాలకొల్లువాళ్ళు చెప్పిందే నిజం. ఆ మనిషి పోయింది."

"సమాధి మీద ఏం రాయించమంటావు?"

"డ్యూటీలో ఉంది అని రాయించండి."

వాళ్ళ చర్చికి సొంత భవనం లేదు. ఒక స్కూలు హాలు అద్దెకు తీసుకుంటారు. పదకొండు దాకా తెలుగువాళ్ళది, పదకొండు నుంచి మలయాళీలది. పదకొండుకి పది నిమిషాల ముందే మలయాళీలు గుమ్మం దగ్గర నిలబడతారు. చౌకీదారు తాళాల గుత్తి ఆడిస్తాడు. ఆఖరి పది నిమిషాలు సరళకుమారికి ఇచ్చారు.

కీబోర్డు వాయించేది ఆస్టిన్. నోయిడాలో సాఫ్ట్‌వేరు ఉద్యోగం. ఢిల్లీలోనే పుట్టాడు. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలో వస్తుంది. కీబోర్డులో ఒక అంకె నొక్కితే డప్పు దానంతటదే ఆ వేగంతో మోగుతుంది. శనివారం ప్రాక్టీసులో ఆమె నాడి చూసుకుని డెబ్బై రెండంది, అతను డెబ్బై రెండు పెట్టాడు. పాట చక్కగా వచ్చింది.

ఆదివారం అందరి ముందూ మైకు పట్టుకున్నాక ఆస్టిన్ వంగి అడిగాడు. "ఆంటీ, కల్ వాలా నంబర్?"

"నిన్నటిది నిన్నటిదే. ఆగు."

వేళ్ళు పెట్టింది. లెక్కపెట్టింది. నూట పదహారు.

జూనియర్ నర్సులకు ఆమె మొదటి రోజే చెప్పే మాట ఒకటుంది. చూసిందే చార్టులో రాయాలి, నిన్నటిది చూసి రాయకూడదు. ఆ మాట ఆమెకు అడ్డం వచ్చింది.

"నూట పదహారు" అంది.

"పక్కా?"

"చూశాను కదా."

డప్పు మొదలైంది. మత్తు దిగి మెల్లగా కళ్ళు తెరవాల్సినవాళ్ళు మంచాలు దిగి పరుగెత్తారు. పిల్లలు చప్పట్లు అందుకున్నారు. గుమ్మంలో మలయాళీలు కాలితో తాళం వేశారు. సరళకుమారికి పంక్తి పంక్తికీ ఊపిరి అందలేదు. నాలుగు నిమిషాల పాట రెండున్నర నిమిషాల్లో అయిపోయింది. ముందు వరసలో సుభాషిణి ఆంటీ, "యూత్ మీటింగుకి భలే ఉంటుంది" అంది. అందరూ నవ్వుతున్నారు. సరళకుమారి నవ్వలేదు. మైకు కింద పెట్టబోయింది.

మగవాళ్ళ వైపు రెండో వరసలో సాలొమోను కూర్చుని ఉన్నాడు. చప్పట్లు కొట్టనివాడు అతనొక్కడే. ఆమెను చూసి తల అడ్డంగా ఊపాడు. ఆమెకు తప్ప ఎవరికీ కనిపించనంత కొద్దిగా ఊపాడు.

పాస్టరుగారు ముగింపు ప్రార్థనకు లేచారు.

"పాస్టరుగారూ, ఇది కాదండీ పాట" అంది ఆమె. "ఇంకొక్కసారి."

ఆయన గోడ గడియారం చూశారు, గుమ్మం చూశారు. "కానివ్వమ్మా."

ఆమె మళ్ళీ వేళ్ళు పెట్టుకుంది. నూట ఇరవై నాలుగు. తన చెయ్యి తనే వదిలేసింది. మైకుతో సహా వేదిక దిగింది. ఆ చర్చిలో ఆడవాళ్ళు ఎడమ వైపు, మగవాళ్ళు కుడి వైపు కూర్చుంటారు. మధ్యన దారి. పెళ్ళిళ్ళకు తప్ప ఆ దారిని ఆడవాళ్ళు అడ్డంగా దాటరు. ఆమె దాటింది. రెండో వరస దగ్గర ఆగి భర్త చెయ్యి అందుకుంది.

సాలొమోనుకి రెండేళ్ళ కిందట గుండె పక్కన పేస్‌మేకరు పెట్టారు. కూర్చున్నంతసేపూ అది గుండెను నిమిషానికి అరవైసార్లు కొట్టిస్తుంది. పెళ్ళాం నిండు సభలో చెయ్యి పట్టుకున్నా అరవై కొట్టిస్తుంది.

"ఏంటిది సరళా? అందరూ చూస్తున్నారు" అన్నాడు గొంతు తగ్గించి.

"మాట్లాడకండి. లెక్క తప్పుతుంది."

మైకు తెరిచే ఉంది. హాలంతా విన్నది.

"అరవై" అంది ఆస్టిన్ వైపు తిరిగి. "డప్పు వద్దు. ఊరికే శ్రుతి ఇవ్వు."

ఆమె వేదిక మీదికి వెళ్ళలేదు. ఒక చేత్తో మైకు, ఇంకో చేత్తో భర్త మణికట్టు పట్టుకుని, మగవాళ్ళ వరసలోనే నిలబడి పాడింది. డెబ్బై రెండు కంటే నెమ్మది. కిటికీ అన్న మాట దగ్గరకు వచ్చేసరికి పిల్లలు చప్పట్లు మరిచిపోయారు. రెండో చరణంలో ఒక పంక్తి మరిచిపోయి మొదటి చరణంలోదే మళ్ళీ పాడింది. అదీ బాగానే ఉంది. పదకొండు దాటింది. చౌకీదారు తాళాల గుత్తిని గుప్పిట్లో మూశాడు.

అయ్యాక ఆస్టిన్ వచ్చాడు. "ఆంటీ, నెక్స్ట్ టైమ్ అంకుల్‌ని కీబోర్డు పక్కనే బిఠా దేంగే."

భర్తను పక్కన కూర్చోబెట్టే సంగతేమో గానీ, నెక్స్ట్ టైమ్ అన్న మాటను ఆమె కాదనలేదు.

ఇంటికి వెళ్తూ ఆటోలో సాలొమోను అన్నాడు. "అందరి ముందూ చెయ్యి పట్టుకున్నావు."

"నాడి పట్టుకున్నాను."

"అది చేతిలోనే ఉంటుంది కదా."

"ఒక్క అంకె అయినా పెరగలేదు మీకు. నేనంత పాట పాడితే."

"డాక్టరు అరవైకి పెట్టాడు. నన్నేం చెయ్యమంటావు?"

ఎవరో ఫోనులో తీసిన ఆ పాట సాయంత్రానికి పాలకొల్లు చేరింది. పెద్దావిడ కొడుకు ద్వారా జవాబు వచ్చింది. గొంతు అచ్చం ఆ పోయినావిడదే, కూతురై ఉంటుందని అక్కడందరూ అనుకుంటున్నారట.

సరళకుమారి ఆ మెసేజిని రెండుసార్లు చదివి, "ఈసారి పిల్లలు చప్పట్లు కొట్టే పాట కావాలి" అంది.

మర్నాడు ఉదయం ఏడింటికి ఆమె డ్యూటీకి వెళ్ళింది. వార్డు ఐదో అంతస్తులో. లిఫ్టు తలుపులు తెరుచుకున్నాయి, లోపల చోటుంది. ఆమె ఎక్కలేదు. మెట్ల వైపు నడిచింది. మూడంతస్తులు ఎక్కి ఆగి, మణికట్టు మీద వేళ్ళు పెట్టి గడియారం చూసుకుంది. తొంభై ఆరు. చాలదనుకుని ఇంకో అంతస్తు ఎక్కింది.