ఇంట్లో చెప్పుకున్న తప్పులు

మా ఆయన ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో డంపర్ నడిపేవాడు. మా క్వార్టర్ కన్నా ఎత్తుండే బండి అది. డ్యూటీ నుంచి వచ్చి స్నానం చేసి అన్నం ముందు కూర్చుంటే గాని నోరు విప్పేవాడు కాదు. విప్పాడా, ఇక ఆపడం నా తరమయ్యేది కాదు.

ఓ రోజు అలాగే కూర్చుని తనలో తనే నవ్వుకుంటున్నాడు. ఏందయ్యా అని అడిగాను.

"కొత్త మేనేజర్ సార్ వచ్చిండు. షిఫ్టు మొదలుగాక ముందు అందర్ని కూసోబెట్టి, నిన్న నేనేం తప్పు చేసిన్నో చెప్త, తర్వాత మీరు చెప్పుండ్రి అంటడు. రోడ్డు మలుపు తప్పుగ వేయించిన అని ఆయనే ముందు చెప్పిండు."

"మరి మీరేం చెప్పిన్రు?"

"మేమెందుకు చెప్తం? మాకేమన్న పిచ్చా?"

అతని మాటా నిజమే. గనిలో ఏదైనా జరిగితే ఎవడో ఒకడు దొరకాలి, వాడికి చార్జిషీటు పడాలి. మేమెరిగిన పద్ధతి అదొక్కటే. దొరకకుండా తప్పించుకున్నవాడే తెలివైనవాడు.

కానీ ఆ సార్ మొండివాడు. ఎవరూ నోరు మెదపకపోయినా రోజూ తన తప్పొకటి తను చెప్పుకునేవాడట. చివరికి మా పక్క క్వార్టర్ కాక లేచాడు. డంపర్ డ్రైవర్లందరిలో పెద్ద ఆయనే. గనిలోంచి పైకొచ్చే ఎక్కుడు దారిలో బండి వెనక్కి జారిందనీ, తను బ్రేకు ఆలస్యంగా తొక్కాననీ చెప్పేశాడు. కాక పని అయిపోయిందనుకున్నారు అందరూ. సార్ మాత్రం ఎందుకు జారిందని అడిగాడు. షిఫ్టుకు ముందే నీళ్ల ట్యాంకరు దుమ్ము లేవకుండా ఎక్కుడంతా తడిపి పోతోందని తేలింది. ట్యాంకరు వచ్చే వేళ మారింది, కాకకు ఏమీ కాలేదు. ఆ తర్వాత ఒక్కొక్కరే నోరు విప్పారు. మా ఆయన కూడా.

అక్కడితో ఆగలేదు మహానుభావుడు, ఆ అలవాటును ఇంటికి మోసుకొచ్చాడు. రాత్రి అన్నాల దగ్గర తలా ఒక తప్పు చెప్పాలి, ఎవరూ తిట్టొద్దు. చిన్నది టిఫిను డబ్బా మూత పారేసుకున్నానని చెప్పింది. పెద్దది పరీక్షలో పక్కపిల్ల పేపరు చూశానంది. పప్పులో ఉప్పు రెండుసార్లు వేసి, ఆ ఉప్పే అంత అని దబాయించానని నేనూ ఒప్పుకోవాల్సి వచ్చింది. అసలే నాకు ముక్కు మీద కోపం. తిట్టకుండా కూర్చోవడం ఎంత కష్టమో ఆ దేవుడికే తెలుసు. అయినా మా ఇంట్లో అంత నవ్వు మళ్లీ ఎప్పుడూ లేదు. మా ఆయన అంత సంతోషంగా డ్యూటీకి పోవడం నేను అప్పుడే చూశాను.

తర్వాత ఆ సార్‌కు గోదావరి అవతల మంచిర్యాల వైపు బదిలీ అయింది. నేను లేకపోయినా ఇది ఆపొద్దని అందరికీ చెప్పి వెళ్లాడు. కొత్తగా వచ్చినాయన ఆపలేదు కూడా. అవే కుర్చీలు, అదే టీ. పైగా ఒక బ్యానరు కట్టించాడు. కాక పాపం అన్నీ అలాగే ఉన్నాయనుకున్నాడు.

"సార్, నైట్ షిఫ్టులు వరుసగ పడ్తున్నయి. మొన్న తెల్లారగట్ల నా కండ్లు మూతపడి బండి రోడ్డు అంచు కట్ట దాక పోయింది. డ్యూటీలు జర మార్చాలె" అన్నాడట.

కొత్త సార్ శభాష్ అన్నాడు. అందరి చేత చప్పట్లు కొట్టించాడు. వారం తిరక్కుండా కాకకు చార్జిషీటు వచ్చింది, డ్యూటీలో నిద్రపోయాడని. బండి మీది నుంచి దింపి స్టోరు గేటు దగ్గర కూర్చోబెట్టారు. జీవితమంతా డంపర్ నడిపిన మనిషి, వీధిలో తలెత్తి నడవడం మానేశాడు.

ఆ రోజు నుంచి మీటింగులో అంతా మంచిదే. ఎవరికీ ఏ తప్పూ జరగదు, ఏ బండీ జారదు. నైట్ షిఫ్టులు మాత్రం అలాగే పడుతున్నాయి.

"ఇయ్యాల నా తప్పు ఏందంటే, మలుపు కాడ కండ్లు మూసుకపోయినయి" అన్నాడు మా ఆయన ఒకనాడు అన్నం కలుపుతూ. పిల్లలు నవ్వారు. నేను గరిటె కింద పడేశాను.

"ఈడ కాదయ్యా, పోయి సార్‌కు చెప్పు!"

"కాక చెప్పి ఏమైండో చూసినవ్ గద. బండి దింపితే పిల్లల సదువులెట్ల? ఇంట్ల చెప్పుకుంటే జర పానం తేలికైతది, చెప్పనియ్యి."

ఆ తర్వాత చాలాసార్లు అదే తప్పు చెప్పాడు. అరిచాను, ఏడ్చాను, అలిగి పడుకున్నాను. ఫ్లాస్కులో చిక్కటి టీ పోసిచ్చాను. నా చేతిలో ఉన్నది అంతే.

ఒక తెల్లవారుజామున బండి కట్ట దాటి కిందికి పోయింది. దవాఖానలో నేను చూసింది రాయలేను.

దినాలు అయిపోయాక, బదిలీ అయిన పాత సార్ మా ఇంటికి వచ్చాడు. కుర్చీ వేస్తే వద్దని నేల మీదే కూర్చున్నాడు.

"ఒక మంచి అలవాటు చేసి వెళ్లాననుకున్నానమ్మా. నేను లేకపోయినా వాళ్లు మాట్లాడతారనుకున్నాను" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. "మా వాళ్లు మాట్లాడిన్రు సార్. మాట్లాడుడు మాకు నేర్పి పోయిన్రు. మీ వెనుక వచ్చెటాయనకు వినుడు ఎవరు నేర్పాలె? కాకనడుగుండ్రి, మాట్లాడితే ఏం దొరికిందో."

ఆయన కళ్లు తుడుచుకున్నాడు. నాకు జాలి కలగలేదని రాద్దామనుకున్నాను గానీ అబద్ధం. కలిగింది. గని పెద్దల్లో మా గడప తొక్కింది ఆయన ఒక్కడే.

కాసేపటికి నెమ్మదిగా అడిగాడు. "కళ్లు మూతలు పడుతున్నాయని ఎవరికీ చెప్పలేదా అమ్మా?"

"చెప్పిండు సార్. రోజు చెప్పిండు. ఈడ్నే, అన్నం ముంగట కూసోని, నాకు చెప్పిండు, ఈ ఇద్దరు పిల్లలకు చెప్పిండు. మా ముగ్గుర్ల ఎవరు మారుస్తరు సార్ డ్యూటీ?"