నలభై అంగల దూరం

ఊళ్ళో మొగుళ్ళని పెళ్ళాలు నాలుగు గోడల మధ్య సాధిస్తారు. పెయింటర్ మేస్త్రిని మాత్రం ఆయన భార్య యాభై అడుగుల ఎత్తున కూర్చోబెట్టి, వచ్చేపోయే జనమంతా చూస్తుండగా ఇరవై ఆరేళ్ళపాటు సాధించింది. అందుకు ఆయన ఒక్కనాడూ నొచ్చుకోలేదు. నిజం చెప్పాలంటే ఆ అరుపులు వినడానికే ఏడాది పొడుగునా ఎదురుచూసేవాడు.

ఆ ఎత్తు ఒక జిరాఫీది. పిల్లల ఆటల పార్కు తెరిచిన ఏడాదే, గేటు దాటగానే కనబడేలా, ఇనప చట్రానికి సిమెంటు పూసి కట్టారు. జనం దానికి పొడుగమ్మ అని పేరు పెట్టుకున్నారు. మెయిన్ రోడ్డు మీంచి చూసినా, ఆస్పత్రి మెట్ల మీంచి చూసినా, ఇళ్ళ కప్పులపైన దాని తల కనిపించేది. పిల్లల్ని పార్కుకి తీసుకొచ్చే ప్రతి తల్లీ లోపల అడుగుపెట్టగానే చెప్పే మాట ఒకటే. "తప్పిపోతే ఏడవకు. పొడుగమ్మ కాళ్ళ దగ్గరికెళ్ళి నుంచో. నేనొస్తా." అలా నుంచున్న పిల్లలు పెద్దవాళ్ళై తమ పిల్లలకీ అదే చెప్పారు.

ఏటా బడి సెలవులకు ముందు పదకొండు రోజులు మేస్త్రి దానికి రంగు వేసేవాడు. పసుపుపచ్చ ఒళ్ళు, దాని మీద రెండువందల పధ్నాలుగు గోధుమరంగు మచ్చలు. మొదటి ఏడాది ఒంటరిగానే వేశాడు. తాళ్ళకు కట్టిన పలక మీద కూర్చుంటే ఎదురుగా ఉన్న మచ్చ మంచమంత ఉంటుంది. దాని ఆకారం ఏమిటో, పక్కదానికి ఎంత ఎడం ఉందో వేసేవాడికి తెలిసే దారి లేదు. తీరా దిగి చూస్తే పొడుగమ్మ ఒంటినిండా పెంకులు అతికించినట్టుంది. అప్పటి మేనేజరు విరగబడి నవ్వాడు. మేస్త్రికి తల కొట్టేసినట్టయింది.

అన్నం క్యారేజీ తెచ్చిన భార్య మాత్రం నవ్వలేదు. వెనక్కి వెనక్కి నడిచి, నిమ్మరసం కొట్టు పక్కన ఆగి, నడుం మీద చెయ్యేసుకుని చూసింది. సరిగ్గా నలభై అంగలు. "మచ్చల సంగతి తర్వాత. ముందు ఆ కన్ను సరిచెయ్యండి. మనవైపు చూడకుండా మబ్బులు లెక్కపెడుతోంది," అంది.

మర్నాటి నుంచి ఆయన పైన, ఆవిడ కింద. కుడిచెయ్యి ఊపితే కుడికి, ఎడమచెయ్యి ఊపితే ఎడమకి. రెండు అరచేతులూ దగ్గరికి తెస్తే మచ్చ చిన్నది చెయ్యమని. రెండు చేతులూ పైకెత్తితే పని బాగుంది, దిగి అన్నం తినమని. ఆవిడ చేతులెత్తకుండా ఆయన దిగిన రోజు లేదు. మధ్యలో నోరు కూడా ఊరుకోదు. "ఎడమకండీ! ఎడమంటే ఏదో తెలీకుండానే తాళి కట్టారా నాకు?" అని కేకేస్తే, నిమ్మరసం తాగుతున్నవాళ్ళకి పొలమారేది. ఆయన పైనుంచి కుంచె ఊపేవాడు. ఆ కాస్త ఊపులో ఎంత ముద్దుందో ఆ పైనున్న ఆయనకీ, కింద ఉన్న ఆవిడకీ తప్ప ఎవరికీ తెలియదు.

నాలుగేళ్ళ కిందట ఆవిడకు మతిమరుపు మొదలైంది. మొదట కూరలో ఉప్పు రెండుసార్లు పడింది. తర్వాత కూతురి పేరు నోటికి రాక నీళ్ళు నమిలింది. ఆ తర్వాత ఒక ఉదయం కూరగాయలకని వెళ్ళి ఎంతకీ రాలేదు. మేస్త్రి నాలుగు వీధులూ కాళ్ళరిగేలా తిరిగాడు. చివరికి పార్కు గేటు కాపలావాడు ఫోన్ చేశాడు.

"మేస్త్రి గారూ, పిన్ని ఇక్కడే ఉంది. నిమ్మరసం కొట్టు పక్కన నుంచుని పొడుగమ్మకేసి చూస్తోంది. కంగారు పడకండి."

ఆనాటి నుంచి అదే వరస. దారి తెలియనప్పుడు ఆవిడ తలెత్తి చూసేది. కప్పుల మీద పొడుగమ్మ తల కనిపించేది. అటు నడిచేది. కాపలావాడు టికెట్టు అడగకుండా లోపలికి పంపి, కుర్చీ వేసి, ఫోన్ చేసేవాడు. డాక్టరు కూడా అదే అన్నాడు, "పాతవి కొన్ని గట్టిగా పాతుకుపోయి ఉంటాయి. అవి ఉన్నంతకాలం పట్టు దొరుకుతుంది" అని. కిందటేడు రంగు వేసేటప్పుడైతే ఆవిడ ఒక్క మచ్చ దగ్గర కూడా తడబడలేదు. ఇంట్లో పొయ్యి ఆర్పడం మరిచిపోయే మనిషి, మెడ మీద మూడో వరుస మచ్చ బెత్తెడు దిగిందని పట్టేసింది. మేస్త్రి పైన కూర్చుని కళ్ళు తుడుచుకున్నాడు. ఆ ఎత్తున ఏడిస్తే ఎవరికీ కనబడదు, అదొక సుఖం.

అలాంటి పొడుగమ్మని తీసేస్తున్నారని గేటు మీద కాగితం అంటించారు. పార్కుని కొత్తగా కడతారట, ఆ చోట ఆకాశంలో గిర్రున తిరిగే బండి ఏదో వస్తుందట. మేస్త్రి ఉన్నపళంగా మేనేజరు గదికి వెళ్ళాడు. ఇప్పటి మేనేజరు మంచివాడే, కుర్చీ చూపించి మంచినీళ్ళిచ్చాడు.

"బండి ఇంకో మూల పెట్టుకోకూడదా బాబూ? ఈ ఒక్కదాన్నీ ఉంచండి. నా కోసం కాదు. మా ఆవిడకి అదే గుర్తు."

"బండి సంగతి వదిలెయ్యండి మేస్త్రి గారూ. బండి లేకపోయినా దీన్ని ఉంచలేం. మెడలో ఇనుముని తుప్పు పూర్తిగా తినేసింది. ఇంజనీరు కొట్టి చూశాడు. పగుళ్ళు వచ్చినప్పుడే చెప్పుంటే బాగుచేసుండేవాళ్ళం. ఎవరో పుట్టీ కూరి పైన రంగు పూసేశారు. నీళ్ళు లోపలే ఉండిపోయి కుళ్ళబెట్టాయి."

మేస్త్రి చేతిలోని మంచినీళ్ళ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. ఆ ఎవరో ఆయనే. మూడేళ్ళ కిందట మెడ వెనక వేలు దూరేంత పగులు చూశాడు. చెబితే పొడుగమ్మని దించేస్తారని, దించేస్తే భార్య ఎటు నడుస్తుందో తెలియదని, పుట్టీ నింపి నున్నగా అరగదీసి, ఎవడికీ అనుమానం రాకుండా రంగు వేశాడు. ఆ పనితనం చూసుకుని మురిసిపోయాడు కూడా. కాపాడాననుకున్నది తన చేతులతోనే చంపుకున్నాడు. ఆ సంగతి మేనేజరుకి చెప్పాలనే నోరు తెరిచాడు గాని, వచ్చింది వేరే మాట.

"పోనీ, ఒక చెవి ఇప్పిస్తారా?" అన్నాడు చివరికి.

"చెవి ఏం చేసుకుంటారు?"

"ఇంటి ముందు కట్టుకుంటాను. అది చూస్తే మా ఆవిడ ఇల్లు గుర్తుపడుతుంది."

తీసేసేరోజు ఊరు ఊరంతా వచ్చింది. చిన్నప్పుడు ఇక్కడ తప్పిపోయానని ఒకడు, ఈ కాళ్ళ దగ్గరే మా ఆయన్ని మొదటిసారి చూశానని ఒకామె, ఫోటోలు, కన్నీళ్ళు. ఇంత ప్రేమ ఉన్నవాళ్ళు ఇన్నేళ్ళూ ఎక్కడున్నారో మరి! మేస్త్రి భార్యని కూతురికి అప్పగించి, కిటికీలు మూసి ఉంచమని చెప్పి, ఒక్కడే వచ్చి నిమ్మరసం కొట్టు పక్కన నిలబడ్డాడు. ఆవిడ నిలబడే చోటు. పని చేసినన్నాళ్ళూ ఆయనకి పొడుగమ్మంటే ఓ మచ్చ, ఓ అంచు, ముక్కుకి తగిలే రంగు వాసన. ఆ మొదటి ఏడాది తప్ప, దిగాక ఏనాడూ తీరిగ్గా వెనక్కి తిరిగి చూసుకోలేదు, ఆవిడ బాగుందంటే బాగున్నట్టే. ఆవాళ మొదటిసారి ఆ చోటినుంచి నిలువెల్లా చూశాడు. ఎంత అందంగా ఉందో! కన్ను తిన్నగా తనకేసే చూస్తోంది. చూస్తుండగానే మంటతో మెడ కోశారు. క్రేను తలని గాల్లోకి లేపి నెమ్మదిగా నేల మీద పెట్టింది. సాయంత్రానికి ఒళ్ళూ కాళ్ళూ కూడా పోయి అక్కడ ఖాళీ ఆకాశం మిగిలింది, కింద అది నిలబడిన నడుమెత్తు సిమెంటు దిమ్మ మిగిలింది.

చెవి చేటంత ఉంది. మేస్త్రి దాన్ని తోపుడుబండి మీద ఇంటికి తెచ్చి, కడిగి, కొత్తగా రంగు వేసి, గుమ్మం పక్కన గోడకి బిగించాడు. భార్యని చెయ్యిపట్టి తీసుకొచ్చి చూపించాడు.

"ఏంటిది?" అందావిడ.

"పొడుగమ్మ చెవి. గుర్తుపట్టలేదా?"

ఆవిడ అటూ ఇటూ తట్టి చూసింది. "రేకా, సిమెంటా? బట్టలారేసుకోడానికి బాగుంటుంది," అని లోపలికి పోయింది. పోతూ గుమ్మం దగ్గర ఆగి, "మీరెప్పుడొచ్చారు?" అని అడిగింది.

అప్పుడు వెలిగింది మేస్త్రికి. ఆ చెవిని దగ్గర్నుంచి చూసినవాడు తను. ఆవిడ ఇరవై ఆరేళ్ళలో ఒక్కసారైనా దాన్ని దగ్గరగా చూడలేదు. ఆవిడకి తెలిసిన చెవి గోరంత ఉంటుంది. మర్నాటికి దాని మీద తడి తువ్వాలు వేలాడుతోంది.

పది రోజుల తర్వాత, ఆయన స్నానం చేసి వచ్చేసరికి వీధి తలుపు తీసి ఉంది. ఆవిడ లేదు.

వస్తుందిలే అనుకుని చెవి కింద అరుగు మీద కూర్చున్నాడు. ఆ తెలివితక్కువ నమ్మకంలో అరగంట పోయింది. తర్వాత ఒక్క ఉదుటున లేచి, కూతురికి ఫోన్ చేసి రోడ్డున పడ్డాడు. మార్కెట్టు, ఆస్పత్రి, బస్టాండు. పొడుగమ్మే లేని పార్కు సంగతి ఆయనకి తట్టనేలేదు. ఎక్కడ తలెత్తినా ఆకాశమే. తనే దారి తప్పినట్టనిపించింది. సాయంత్రం నాలుగింటికి ఒక ఆటో అతను చెప్పాడు.

"నీలం చీర పెద్దావిడా? జిరాఫీ ఎటు బాబూ అనడిగింది. అలవాటు కొద్దీ అటు చెయ్యి చూపించేశానండీ. అది లేదన్న సంగతి ఆవిడ వెళ్ళాక గుర్తొచ్చింది."

మేస్త్రి పరుగెత్తాడు. పార్కు చుట్టూ రేకులు కట్టేశారు. గేటు దగ్గర పాత కాపలావాడే ఉన్నాడు, ఫోన్ చేతిలో పట్టుకుని.

"మీకే చేస్తున్నా, లైను దొరకట్లేదు. పిన్ని లోపలుంది. ఎంత పిలిచినా రావట్లేదు."

నిమ్మరసం కొట్టు కూడా లేదు, దాని గచ్చు మాత్రం ఉంది. గచ్చు పక్కన, అంగుళం తేడా లేకుండా తన చోట, ఆవిడ నిలబడి ఖాళీలోకి చూస్తోంది. మేస్త్రి ఎదురుగా వెళ్ళి నిలబడ్డాడు.

"ఇంటికి పోదాం పద."

"ఎవరు బాబూ నువ్వు?"

"నేనే. మీ ఆయన్ని."

ఆవిడ ఆయన మొహంలోకి జాలిగా చూసింది. "మా ఆయన ఇంత దగ్గరగా ఉండడు. పైనుంటాడు. ఇక్కడో జిరాఫీ ఉండాలి, దాని మీద పనిలో ఉన్నాడు. దాన్ని తీసేసేటప్పుడు ఆయన్ని దించారా?"

"దించారు," అన్నాడు.

"అబద్ధం. నేను చేతులెత్తలేదుగా. నేను ఎత్తందే ఆయన దిగడు."

ఆయన వెనక్కి తిరిగి, నలభై అంగలు నడిచి, కాపలావాడి భుజం ఆసరా చేసుకుని ఆ సిమెంటు దిమ్మ ఎక్కాడు. అరవైనాలుగేళ్ళ మోకాళ్ళు కలుక్కుమన్నాయి. ఖాళీ గాల్లోకి చెయ్యి చాపి, కుంచె పట్టుకున్నట్టు వేళ్ళు మడిచాడు.

దూరాన ఆవిడ ఒక అడుగు వెనక్కి వేసింది. నడుం మీద చెయ్యేసుకుంది. ఎడమచెయ్యి ఊపింది. ఆయన ఎడమకి జరిగాడు. "ఇంకా ఎడమకండీ! ఎన్నిసార్లు చెప్పాలి?" అని కేకేసింది. అదే గొంతు, ఆ సాధింపే. ఆయన ఏడుస్తూ, నవ్వుతూ, లేని మచ్చని లేని మెడ మీద దిద్దాడు. చాలాసేపటికి ఆవిడ రెండు చేతులూ పైకెత్తింది.

ఆయన దిగి అటు నడిచాడు. సగం దూరందాకా ఆవిడ నవ్వుతూనే ఉంది. పదిహేను అంగల్లోకి వచ్చేసరికి నవ్వు ఆగిపోయింది. ఐదు అంగల్లోకి వచ్చేసరికి కళ్ళల్లో భయం కనబడింది. "ఎవరు బాబూ?" అంది.

ఆయన గబగబా వెనక్కి నడిచాడు. దూరం పెరిగేకొద్దీ ఆవిడ మొహం విచ్చుకుంది.

అలాగే ఇల్లు చేరారు. ఆయన ముందు, నలభై అంగల వెనక ఆవిడ. మలుపు వచ్చినప్పుడల్లా ఆగి వెనక్కి చూసేవాడు. ఆవిడ చెయ్యి ఊపి, "ఎడమకి, ఎడమకి" అనేది. ఎడమకి తిరిగేవాడు. కాపలావాడు ఆవిడ వెనకే కొంతదూరం వచ్చి, ఇక చూడలేక తిరిగి వెళ్ళిపోయాడు.

తలుపు తీసి, మేస్త్రి గుమ్మంలోనే ఆగిపోయాడు. ఆవిడ వీధి చివర నిలబడి ఆయనకేసి నవ్వుతోంది. ఆయన లోపలికి వెళ్తే ఆవిడా వస్తుంది. కాని వాళ్ళది రెండు గదుల ఇల్లు. గుమ్మం నుంచి పెరటి గోడదాకా నడిస్తే పధ్నాలుగు అంగలు.