మూడు షిఫ్టుల నీళ్ళు తాగిన దబ్బచెట్టు

మా అక్క సరోజ అన్నం సరిగ్గా తినడం మానేసి మూడు వారాలైంది. మెట్ల మీద జారిపడి తుంటి ఎముక విరిగితే గోదావరిఖని నుంచి హైదరాబాద్‌లోని మా ఇంటికి తీసుకొచ్చి ఆపరేషన్ చేయించాం. ఇంకొక ఆపరేషన్ మిగిలి ఉంది. ఒంట్లో రక్తం పడితే గాని చేయనని డాక్టరు తెగేసి చెప్పాడు. ఈమె చూస్తే గోడవైపు తిరిగి పడుకుని, రెండు ముద్దలు మింగి కంచం నెట్టేస్తుంది. బతిమాలాను, కసిరాను, ఒకరోజు ఏడ్చాను కూడా. దేనికీ ఉలుకూ పలుకూ లేదు.

బావ పోయాక ఆయన ఉద్యోగం అక్కకు ఇచ్చారు. గనిలోకి దిగేవాళ్ళకు తలకు పెట్టుకునే లైట్లు ఇచ్చే ల్యాంప్ రూంలో ఆమె పని. పిల్లల్లేరు. కంపెనీ క్వార్టర్‌లో ఒక్కతే ఉంటుంది. పెరట్లో ఆమె పెంచిన దబ్బచెట్టు ఒకటుంది. మొన్న బుధవారం ఉన్నట్టుండి, "ఇంటికాడ దబ్బకాయలు పండి ఉంటయ్ చెల్లె. ఆ పులుపు తగిలితే ముద్ద దిగునేమో" అంది. ఆ మాట పట్టుకుని మార్కెట్‌కు ఉరికాను. తెచ్చిన కాయ కోసి ముక్కు దగ్గర పెడితే, "ఇది దబ్బకాయనా?" అని మళ్ళీ గోడవైపు తిరిగింది.

మరునాడు పొద్దున్నే సికింద్రాబాద్ స్టేషన్‌లో ఉన్నాను. ఇంట్లో చూసుకోవడానికి మా ఆయన సెలవు పెట్టాడు. "కాయల కోసం అంత దూరమా?" అన్నాడు గాని ఆపలేదు. నేను ఒకచోట కుదురుగా కూర్చునే మనిషిని కానని పెళ్ళయిన వారానికే ఆయనకు తెలిసిపోయింది.

బండి ఆరున్నర దాటాక కదిలింది. ఈ దారిలో వెళ్ళేవాళ్ళకు ఒక మాట: చలికాలం పొద్దుటి బండికి శాలువా తప్పనిసరి, కిటికీలు సగమే మూతపడతాయి. కాజీపేటలో ఇడ్లీ కొన్నాను. చట్నీ గడ్డకట్టినంత చల్లగా ఉంది. జమ్మికుంట దాటేసరికి సీటు మూడుసార్లు మార్చాను. ఎదురుగా కూర్చున్న పత్తి వ్యాపారి చూసి చూసి, "ఏందక్కా, బండిని నువ్వే నూకుతున్నవా?" అన్నాడు. నవ్వాను గాని నాకు నిజంగా అలాగే ఉంది. మనసంతా ఇంటి దగ్గర పక్కకు నెట్టిన కంచం మీదే.

పెద్దపల్లి దాటాక కరెంటు ప్లాంటు పొగగొట్టాలు కనిపించాయి. పదకొండు కావస్తుండగా రామగుండంలో దిగాను. స్టేషన్ బయట షేర్ ఆటోలు నిండితే గాని కదలవు. ఖాళీగా ఉన్న రెండు సీట్ల డబ్బులు కూడా నేనే ఇస్తానని బయల్దేరదీశాను. దారి పొడవునా బొగ్గు లారీలు, వాటి వెనక దుమ్ము, ఆ దుమ్ములోనే జామపండ్లు అమ్మే బండ్లు. నేను పుట్టి పెరిగిన ఊరే, అయినా దగ్గు వచ్చింది.

తాళం తీసి ముందు పెరట్లోకి వెళ్ళాను. అక్కడే నిలబడిపోయాను.

చెట్టు పసుపెక్కిపోయింది. సగం ఆకులు కింద బురదలో ఉన్నాయి. అవును, బురద. పాదు నిండా నీళ్ళు నిలిచి పాచి పట్టింది. రాలిన కాయలు అందులో తేలుతున్నాయి. కొమ్మలకు ఇంకో పదీ పదిహేను కాయలు వేలాడుతున్నాయి, సగం పచ్చగా. అక్క ఈ చెట్టుకు చలికాలంలో నీళ్ళు పోయదు. కార్తీకం వెళ్ళాక నీళ్ళు మానేసి పాదు తవ్వి ఎండకు ఆరబెడుతుంది. ఆకు కాస్త వాడితే గాని మాఘంలో పూత రాదంటుంది. వారానికొకసారి ఆకుల మీది బొగ్గు దుమ్ము మాత్రం తడిగుడ్డతో తుడుస్తుంది. అంతే. మరి ఈ నీళ్ళు ఎక్కడివి? కంపెనీ పైపు పగిలిందేమోనని గోడ చుట్టూ వెతికాను. పైపు బాగానే ఉంది.

అంతలో ఫోన్. అక్కే. "చెట్టెట్లున్నది?"

"మంచిగున్నదక్కా" అన్నాను. ఇంకేమనను? రెండు ముద్దలు తినే మనిషికి చెట్టు చస్తోందని చెబితే ఆ రెండూ మానేస్తుంది.

మధ్యాహ్నం ఒంటి గంటకు గోడ అవతలి క్వార్టర్ నుంచి సమ్మన్న వచ్చాడు. రెండో షిఫ్టుకు తయారై, చేతిలో రెండు బకెట్లతో. నన్ను చూసి ముఖం విప్పారింది. "వచ్చినవా అక్కా! సరోజక్క పోయేటప్పుడు చెట్టును జర సూడుమన్నది. రోజూ డ్యూటీకి పోయేముందు రెండు బకెట్లు తప్పకుంట పోస్తున్న. ఆకు పసుపైనకాడికెల్లి మూడు చేసిన."

నాకు ఒళ్ళు మండింది. "చలికాలం నీళ్ళేంది సమ్మన్నా?" అంటే బిక్కమొహం పెట్టాడు. "ఎండిపోతున్నదని పోసిన అక్కా..." తిట్టడానికి నోరు రాలేదు. బకెట్లు అక్కడే వదిలి డ్యూటీకి వెళ్ళాడు. అయినా రోజుకు రెండు మూడు బకెట్లకే ఇంత బురద అవుతుందా అన్న అనుమానం పోలేదు.

నాలుగు గంటలకు జవాబు దొరికింది. మొదటి షిఫ్టు దిగిన రాజయ్య కాక ఎదురు క్వార్టర్ నుంచి పైపు ఈడ్చుకుంటూ వచ్చాడు. "బిడ్డా, నీ అక్క నాకు అప్పజెప్పి పోయింది. డ్యూటీ దిగంగనే పాదు నింపుడే నా పని!" అన్నాడు గర్వంగా. నేను తల పట్టుకుని కూర్చున్నాను. తెల్లారి ఏడున్నరకు, రాత్రి షిఫ్టు నుంచి తిన్నగా ప్రసాద్ గారు వచ్చారు. వాళ్ళ నాన్న కాలంలో కోస్తా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన కుటుంబం. చేతిలో బిందె. "సరోజమ్మ గారు నాకొక్కడికే చెప్పి వెళ్ళారు చెల్లెమ్మా. పాపం నీళ్ళు లేక ఎండిపోతుందేమోనని నిద్రపోయే ముందు పోసి పడుకుంటున్నాను" అన్నారు.

ముగ్గురివీ దగ్గర దగ్గర ఇళ్ళే. కానీ ఒకరు లేచి ఉంటే ఒకరు నిద్రలో, ఒకరు బొగ్గు కింద. అక్క దవాఖానకు వెళ్ళే హడావుడిలో కనిపించిన ప్రతివాడికీ "చెట్టు జర సూడు" అంది. ఎవరికి వారు తానొక్కడే అనుకున్నారు. ఆకు పసుపెక్కిన కొద్దీ ముగ్గురూ ఇంకో బకెట్ కలిపారు. మా అక్క మీద అభిమానంతోనే చెట్టును ముంచేశారు.

నిద్ర మానుకుని ప్రసాద్ గారు, విషయం తెలిసి లేచొచ్చిన సమ్మన్న చెట్టు దగ్గర నిలబడ్డారు. "ఇప్పుడేం చెయ్యాలక్కా?" అంటాడు సమ్మన్న. నాకేం తెలుసు? బాల్కనీలో తులసి కుండీ తప్ప నేను పెంచిందేమీ లేదు. "ఆమెనే అడుగు" అన్నాడు. "అడిగితే తిండి పూర్తిగా మానేస్తుంది" అన్నాను. "అడగకుంటే చెట్టు పోతది గదా" అన్నాడు. ఫోన్ చేతిలో పట్టుకుని పెరడంతా తిరిగాను. చివరికి కళ్ళు మూసుకుని నొక్కాను.

అంతా చెప్పాను.

"ఫోన్ సమ్మన్నకియ్యి."

అంత గద్దించే గొంతు నెల రోజులుగా నేను వినలేదు. సమ్మన్న ఫోన్ చెవికి ఆనించి వెంటనే దూరం జరిపాడు. పెరడంతా వినిపించింది. "చెట్టుకు నోరున్నదా, నీళ్ళద్దని కేక ఎయ్యనీకి? నీకు కండ్లున్నయి గదరా! ముగ్గురు మొగోళ్ళు ఒక పాదు సూడలేరా? పార పట్టు. బురదంత ఎత్తు. గోడ దిక్కు మోరి తియ్యి. కాయలన్ని తెంపు, దానికి బరువు దించాలె. ఎండిన పుల్లలు కొయ్యి, మొదట్ల లేచిన దొంగ కొమ్మలు పీకు. సున్నం, మైలుతుత్తం కలిపి మొదలుకు పుయ్యి. మాఘం దాక చుక్క నీళ్ళు పోసినోని చెయ్యి ఇరగ్గొడ్త!"

గని పని చేసే చేతులు కదా, గంటన్నరలో పాదు పొడిగా చేసి గోడ కింద కాలువ తీశారు. కత్తెరతో కాయలు కోసి నేను ఒళ్ళో వేసుకున్నాను. అక్క ఫోన్‌లోనే వంటకూ దిగింది. "రసం పొయ్యి మీద పొయ్యకు, చేదెక్కుతది. అన్నం దించి కలుపు. నువ్వులు ఏంచి పొడి కొట్టు. కాయ పచ్చిగుంటే బెల్లం జరంత." ఆమె చెప్పింది చెప్పినట్టు చేశాను. పోపులో మిరపకాయలు చిటపటలాడుతుంటే అది ఫోన్‌లో విని, "ఎక్కువ మాడుస్తున్నవ్!" అని అరిచింది. మజ్జిగలో లేత దబ్బాకు ఈనె తీసి తుంచి వేశాను. సమ్మన్న, ప్రసాద్ గారు అరుగు మీద కూర్చుని తిన్నారు. కాస్త చేదు ఉంది, చెట్టు బాధ అందులో తెలుస్తోంది. అయినా ఆ వాసన మార్కెట్ కాయకు లేదు. అక్క అన్న మాట నిజమే.

రెండింటికి సమ్మన్న డ్యూటీకి వెళ్ళాడు. మూడున్నరకు రాజయ్య కాక వచ్చి, సంగతి విని, సున్నం మైలుతుత్తం కలిపి చెట్టు మొదలుకు పట్టించాడు. "బతుకుతదా బిడ్డా?" అని అడిగాడు. తెలియదన్నాను. నిజంగానే తెలియదు. కొమ్మ గీకి చూస్తే లోపల ఇంకా పచ్చగానే ఉంది.

ఐదున్నర దాటాక రామగుండంలో తిరుగు బండి ఎక్కాను. సంచి నిండా కాయలు, డబ్బాలో పులిహోర. అటువైపు వెళ్ళేవాళ్ళు నాలా హడావుడిగా వెళ్ళకండి. ఆ కాలనీలో ఏ వేళకు వెళ్ళినా ఎవరో ఒకరు నిద్రపోతుంటారు, ఎవరో ఒకరు టీ పెడుతుంటారు. మీరు తలుపు తడితే ఆ మనిషి తన నిద్ర మానుకుని మీ పని చేసి పెడతాడు. అడిగిందాని కన్నా కాస్త ఎక్కువే చేస్తాడు. ఆ ఎక్కువతోనే చిక్కు.

జమ్మికుంట దాటుతుంటే మా ఆయన ఫోన్ చేశాడు. గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు.

"మీ అక్క పొద్దటిసంది ఫోన్ కింద పెడ్తలేదు. ఇప్పుడు రాజయ్య కాకను అరగంట తిట్టింది. సమ్మన్న గనిల ఉన్నడట, పైకి ఎక్కేదాక మేలుకోని ఉంటదట."

"తిన్నదా?"

"గదే చెప్తున్న. తిట్టుకుంట తిట్టుకుంట నేను పెట్టిన పెరుగన్నం మొత్తం తిన్నది. ఆమెకే తెల్వదు తిన్నట్టు. ఖాళీ కంచం చూసి, ఇంకింత పెట్టుమన్నది."

ఫోన్ ఒళ్ళో పెట్టుకున్నాను. కళ్ళ నీళ్ళు ఆగలేదు. పక్కన మూట మీద చేయి వేసుకుని కూర్చున్న ముసలవ్వ కంగారుగా నా భుజం పట్టుకుంది.

"ఏమైంది బిడ్డా? ఎవరికన్న ఏమన్న అయిందా?"

"ఏం కాలేదవ్వా" అన్నాను. "మా అక్క అన్నం తిన్నది."