నాలుగు శ్రుతికి దిగిన తంబురా

దెయ్యాలున్నాయంటే నేను చచ్చినా నమ్మను. ఇప్పుడే కాదు, చిన్నప్పటి నుంచీ అంతే. శృంగవరపుకోటలో మా వీధి పిల్లలు చింతతోపు దాటాలంటే చేతులు పట్టుకుని పరిగెత్తేవాళ్ళు. నేను ఆ తోపులోకే వెళ్ళి, రాలిన కాయలు ఏరుకుని, ఉప్పద్దుకుని తింటూ తీరిగ్గా ఇంటికొచ్చేదాన్ని. ఫలానా ఇంట్లో ఏదో చప్పుడవుతోందని ఎవరైనా అంటే, ముందు ఎలకలబోను పెట్టి చూడమనే రకాన్ని. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, కింద రాసింది చదివి ఈవిడకి మొదటి నుంచీ ఈ పిచ్చి ఉన్నట్టుంది అనుకుంటారేమోనని.

అవి అరవైల చివరి సంవత్సరాలు. విజయనగరంలో ఒక సంగీత కళాశాలలో గాత్రం పాఠాలు చెప్పేదాన్ని. ఉద్యోగం తాత్కాలికం. మా ఆయన సూర్యనారాయణ జూటుమిల్లులో గుమాస్తా. వరసకి మేనబావ, అందుకని పెళ్ళయ్యాక కూడా బావా అనే పిలిచేదాన్ని. ఒక పెంకుటింట్లో రెండు గదుల వాటా మాది. ఆ రెండు గదుల్లో ఒకటి తంబురాదే అని మా ఆయన అందరితో చెప్పుకునేవాడు.

ఆ ఏడు వేసవిలో నాకు టైఫాయిడ్ వచ్చింది. జ్వరం తగ్గింది గానీ గొంతు మునుపటిలా లేదు. కింద స్వరాలు బాగానే పలికేవి. పై షడ్జం దాటి పంచమం వైపు వెళ్ళేసరికి పాతగుడ్డ చిరిగినట్టు గొంతు రెండుగా చీలేది. విశాఖపట్నంలో గొంతు డాక్టరుకి చూపించుకున్నాను. ఆయన అద్దం పెట్టి చూసి, లోపల వాపు ఉందనీ, ఇలాగే బలవంతంగా పై స్థాయిలో పాడితే గొంతు శాశ్వతంగా పోవచ్చనీ చెప్పాడు. కొన్నాళ్ళు పాట కట్టిపెట్టమన్నాడు. పాట కట్టిపెడితే పాట చెప్పే ఉద్యోగం ఎవరిస్తారు? మందులు పట్టుకుని, సలహా అక్కడే వదిలేసి బస్సెక్కాను.

మా కళాశాలలో ఏటా అధ్యాపకుల గానసభ జరిగేది. పిల్లలు కాదు, పాఠం చెప్పేవాళ్ళే పాడాలి. ఏడాదంతా పిల్లల తప్పులు దిద్దినవాళ్ళం ఆ ఒక్క సాయంత్రం ఆ పిల్లల ముందే కూర్చుని పాడాలి. పిల్లలు ఎంత శ్రద్ధగా వింటారో చెప్పక్కర్లేదు. తాత్కాలికంగా ఉన్నవాళ్ళని ఖాయం చేసేదీ పంపించేసేదీ కూడా ఆ పాటను బట్టే తేలేది.

ఆ ఏడు మా ప్రిన్సిపాలుగారు మద్రాసు వెళ్ళి అక్కడ ఒక దొరసాని కచేరీ విని వచ్చారు. ఆవిడ పియానో పక్కన నిలబడి, వాళ్ళ దేశపు గేయనాటకాల్లోంచి ఒక్కొక్క పాత్ర పాటా తీసుకుని, వేషమూ తెరా లేకుండా ఉత్త గొంతుతో పాడిందట. భాష తెలియకపోయినా ఈయనకి కళ్ళలో నీళ్ళొచ్చాయట. మన యక్షగానాల్లో పాత్రలు పాడే దరువులు లేవా, మన భావగీతాలు తక్కువ తిన్నాయా అని వచ్చీ రాగానే మొదలుపెట్టారు. ఈసారి కీర్తనలు వద్దు, ఒక్కొక్కరూ ఒక దరువూ ఒక భావగీతమూ పాడాలని నోటీసు పెట్టారు.

నా వంతుకి ఒక పాత యక్షగానంలోని దరువు వచ్చింది. పాము కరిచిన మొగుణ్ణి ఒళ్ళో పెట్టుకుని ఒక ఇల్లాలు గ్రామదేవతని నిలదీసే పాట. చివరి చరణంలో అమ్మవారిని పిలిచే పిలుపు పై పంచమం మీద నిలబడాలి. నా గొంతు చీలే చోటు సరిగ్గా అదే.

శ్రుతి దించుకుని పాడితే సరిపోయేది కదా అని మీరడగొచ్చు. సరిపోయేది. హార్మోనియం మెట్ల లెక్కలో నాది ఐదు శ్రుతి. దాన్ని నాలుగుకి తెచ్చుకుంటే పాట మొత్తం ఒక మెట్టు కిందికి వస్తుంది, ఆ పంచమం కూడా చేతికందుతుంది. కానీ మావాళ్ళ సంగతి నాకు తెలుసు. ఎవరైనా శ్రుతి దించారంటే, అయిపోయింది పాపం, గొంతు పోయింది అని మర్నాటికి గంటస్తంభం దాకా పాకిపోతుంది. ఖాయం కావాల్సిన ఏడాది ఆ మాట నా మీద పడనిస్తానా? ఐదులోనే పాడతానని పంతం పట్టాను.

ఇక తంబురా గురించి చెప్పాలి. అది ఇదే కళాశాలలో నాకు పాఠం చెప్పిన మా గురువు తాయారమ్మగారిది. అంతకు ముందు ఏడాదే ఆవిడ పోయారు. పోయేముందు కబురుపెట్టి తంబురా నా చేతికిచ్చారు. ఆవిడ పాఠం చెప్పే పద్ధతి వేరు. నీకు శ్రుతి ఎక్కువైంది, తగ్గించుకో అని ఏ పిల్లతోనూ నోటితో అనేవారు కాదు. అంటే పిల్ల బెదిరిపోతుందని ఆవిడ నమ్మకం. మేం కళ్ళు మూసుకుని పాడుతుంటే మెల్లగా వెనక్కి వచ్చి, భుజం మీదుగా చెయ్యి చాపి, బిరడాలు తిప్పి తీగెలు దించేసి వెళ్ళిపోయేవారు. మేం ఆ దిగిన శ్రుతిలోనే అందుకుని పాడాల్సిందే. పాఠమయ్యాక కూడా దాని గురించి ఒక్క మాట ఉండేది కాదు.

సభ దగ్గర పడుతోంది. ఒకరోజు పొద్దున్న తంబురాని శ్రుతిపెట్టెతో సరిచూసి ఐదుకి కట్టి, పొయ్యి మీద చోడి అంబలి కలపడానికి వెళ్ళాను. తిరిగి వచ్చి మీటితే ఏదో తేడాగా ఉంది. శ్రుతిపెట్టె తీసి చూసుకున్నాను. తంబురా నాలుగులో మోగుతోంది.

తంబురా దిగడం వింత కాదు. గాలిలో తడి ఉంటే బిరడాలు జారతాయి. కానీ జారినప్పుడు ఒక తీగె ఇంత, మరో తీగె అంత జారి, వినలేనంత అపశ్రుతి వస్తుంది. ఇక్కడ నాలుగు తీగెలూ ఒకదానితో ఒకటి కలిసి, తేనెలా మోగుతున్నాయి. నేను కట్టినప్పటికంటే బాగా కలిసి ఉన్నాయి, ఒళ్ళు మండింది నాకు. మళ్ళీ ఐదుకి కట్టుకున్నాను.

మర్నాడూ అంతే. ఆ తర్వాతా అంతే. నేను పక్కకి వెళ్తే చాలు, నాలుగుకి దిగిపోయేది. మూడుకి కాదు, నాలుగున్నరకి కాదు. ముందు మా ఆయన్ని అనుమానించాను.

"బావా, నా తంబురా జోలికి వెళ్ళావా?" అని నిలదీశాను.

"దాని ముడ్డెటో మొకమెటో నాకు తెల్దే. నానేటి సేస్తాను?" అన్నాడు. అది నిజమే. ఆయనకి తంబురాకీ మజ్జిగ కవ్వానికీ పెద్ద తేడా తెలియదు.

బిరడాలకి సుద్ద రాశాను, జారకుండా ఉంటాయని. కొత్త తీగెలు వేశాను. పెన్సిలుతో బిరడా మీంచి తంబురా దండి మీదకి గీతలు గీశాను. తలుపుకి తాళం వేసి, తాళంచెవి మొలలో దోపుకుని బజారుకెళ్ళి కూరలు తెచ్చుకున్నాను. వచ్చి తలుపు తీసి చూస్తే గీతలు చెదిరిపోయాయి. నాలుగు బిరడాలూ నాలుగు రకాలుగా తిరిగి ఉన్నాయి, ఒకటి కాస్త, ఒకటి ఇంకాస్త. శ్రుతి తెలిసినవాళ్ళు చేత్తో తిప్పితే ఎలా తిరుగుతాయో అలాగే. మీటి చూశాను. నాలుగు.

అప్పుడు భయం వేసింది. దాచను. అరుగు మీదికొచ్చి కూర్చుండిపోయాను. తాయారమ్మగారు గుర్తుకు రాలేదని కాదు, వచ్చారు. ఛీ, నీకేమైందే సుభద్రా అని నన్ను నేనే తిట్టుకున్నాను. మిల్లు నుంచి వచ్చిన మా ఆయనకి జరిగింది చెప్పాను. ఆయన చొక్కా విప్పి కొక్కేనికి తగిలించుకుంటూ అంతా విన్నాడు.

"అంతలా దిగమంటన్నాది కదా, దిగిపోరాదేటే? సచ్చిపోయేలాగ అరిసి నువ్వు బావుకునేదేటి?" అన్నాడు.

ఆ రాత్రి లేచి వెళ్ళి తంబురాని మళ్ళీ ఐదుకి కట్టాను.

సభ రోజు సాయంత్రం హాలు నిండిపోయింది. మా దగ్గర ఒక ఆచారం ఉంది. తంబురా పక్కగదిలో కట్టుకుని రావాలి, వేదిక ఎక్కాక బిరడా ముట్టకూడదు. శ్రోతలకి బిరడాల కిర్రుమనే చప్పుడు వినిపించడం గాయకులకి నామోషీ అని తాయారమ్మగారు పెట్టిన నియమం అది. ఆవిడ పోయినా ఎవరూ దాన్ని మార్చలేదు. అవసరమైతే పక్కవాద్యాలవాళ్ళు సర్దుకోవాలి గానీ తంబురా మాత్రం కదలదు.

పక్కగదిలో నేను ఐదుకి కట్టుకున్నాను. వయొలిన్ వాయించే జగ్గారావు మాస్టారు పక్కనే ఉన్నారు. ఆయన నా తంబురాకే తన వయొలిన్ కలుపుకున్నారు. మృదంగం ఆయనా అంతే. నా పేరు పిలిచారు. తంబురాని ఎవరి చేతికీ ఇవ్వలేదు, నా చేతులతో నేనే ఎత్తుకెళ్ళాను. కూర్చున్నాను. నమస్కారం చేశాను. మీటాను.

నాలుగు.

మళ్ళీ మీటాను. పంచమం, సారణి, సారణి, మంద్రం, నాలుగు తీగెలూ కలిసి శుభ్రంగా నాలుగులో మోగుతున్నాయి. జగ్గారావు మాస్టారు కమాను తీగె మీద పెట్టి, ముఖం చిట్లించి నా వైపు వంగారు.

"ఏటమ్మా ఇది? లోపల ఐదు కట్టినావు, ఇక్కడ నాలుగు పలుకుతన్నాది. ముందే సెప్పొద్దేటి?" అని గొణుగుతూ వయొలిన్ దించుకోవడం మొదలుపెట్టారు. మృదంగం ఆయన రాయి తీసి, శ్రుతి దిగేలా అంచు తోలువారుని కింద నుంచి కొట్టుకుంటున్నాడు. బిరడా ముడదామని నా చెయ్యి లేచింది. ముందు వరసలో ప్రిన్సిపాలుగారూ, వెనకాల నా పిల్లలంతా నా చేతినే చూస్తున్నారు. చెయ్యి దించేశాను. ఇక చేసేదేముంది, నాలుగులోనే అందుకున్నాను.

దరువు మొదలైన కాసేపటికే నాకు తెలిసిపోయింది, గొంతు అలవాటైన ఇంట్లో తిరుగుతున్నట్టు తిరుగుతోంది. ఎక్కడా నెట్టాల్సిన పని లేదు. చివరి చరణం వచ్చింది. కళ్ళు మూసుకుని అమ్మవారిని పిలిచాను. ఆ పిలుపు పై పంచమానికి వెళ్ళి నిలబడింది. చీలలేదు. వణకలేదు. నా ఊపిరి ఉన్నంతసేపూ అక్కడే ఉంది. వెనకాల ఎవరో పిల్ల వెక్కడం వినిపించింది. నాకూ ఏడుపొచ్చింది గానీ అది సంతోషంతో వచ్చింది. టైఫాయిడ్ వచ్చిన నాటి నుంచీ గుండెల మీద ఉన్న బండ దిగిపోయినంత హాయి.

శ్రుతి దించిందని ఒక్కరూ అనలేదు. పాట బాగుంటే ఎవరికి కావాలి శ్రుతి లెక్క? ఇన్నాళ్ళూ నేను ఎవరికి భయపడి చచ్చానో నాకే అర్థం కాలేదు. తర్వాత కొన్నాళ్ళకి ఉద్యోగం ఖాయమైంది. విశాఖపట్నం వెళ్తే డాక్టరు అద్దంలో చూసి, వాపు దిగిపోతోందన్నాడు. పాట మానేశారా అని అడిగాడు. మానలేదు, కొంచెం దించానన్నాను. మంచి పని చేశారు, ఇంకొన్నాళ్ళు పైనే పాడి ఉంటే నా దగ్గరికి వచ్చినా లాభం ఉండేది కాదన్నాడు. బయటికొచ్చి మా ఆయన చెయ్యి పట్టుకుని రోడ్డు మీదే ఏడ్చేశాను. పాపం ఆయన కంగారుపడిపోయి నాకు సోడా కొనిపెట్టాడు.

జగ్గారావు మాస్టారు బతికున్నన్నాళ్ళూ ఆ రోజు పక్కగదిలో తను కలుపుకున్నది ఐదుకేనని అందరి ముందూ చెప్పేవారు. వేదికకీ ఆ గదికీ మధ్య ఉన్నది ఒక్క తలుపు. ఆ తలుపు దాటేలోపు నా చేతుల్లో ఉన్న తంబురాకి నాలుగు తీగెలూ ఎలా దిగాయో ఆయన చెప్పలేకపోయారు. తెలిసినవాళ్ళని ఎంతమందిని అడిగానో లెక్కలేదు. తడి అన్నారు, తీగె సాగిందన్నారు, నీ చెవే పొరబడిందన్నారు. ఒక్కటీ అతకలేదు. ఈ రోజుకీ నాకు తెలియదు.

సభ తర్వాత తంబురా నాలుగులోనే ఉంటూ వచ్చింది, మళ్ళీ కదల్లేదు. చాలా నెలల తర్వాత ఒక మధ్యాహ్నం, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, కావాలనే ఐదుకి కట్టాను. గోడకి ఆనించి, వాకిట్లోకి వెళ్ళి బట్టలారేసి, కావాలనే ఆలస్యం చేసి వచ్చాను.

మీటాను. ఐదులోనే ఉంది.

అంతసేపూ నేను ఎదురుచూసింది దేనికో అప్పుడు తెలిసింది. గొంతు బాగైపోయింది, ఇక దించాల్సిన పని ఎవరికీ లేదు. అందుకు సంతోషించాల్సింది పోయి అక్కడే చతికిలబడి చిన్నపిల్లలా ఏడ్చాను. కాసేపటికి కళ్ళు తుడుచుకుని, చెయ్యి చాపి, ఒక్కొక్క బిరడానీ మెల్లగా తిప్పుతూ నేనే నాలుగుకి దించుకున్నాను.