వాగు ఒడ్డున ఆపిన గీత

మా పక్కింటి చాచా పోయారు. పోయిన శుక్రవారం పొద్దున బండికి చీరల మూట కట్టుకుంటూ ఛాతీ పట్టుకుని కూర్చున్నారట. దవాఖానాకు చేరేలోపే అయిపోయింది. కాలేజీలో ఉన్న నాకు చాచీ ఫోన్ చేసి, "బేటీ, మీ చాచా లేడు" అని మాత్రం అంది.  ఆ తర్వాత ఫోన్ పెట్టేయడం ఇద్దరికీ చేతకాలేదు.

ఖానాపురం హవేలి ఊళ్ళో మా రెండిళ్ళకూ ఒకటే గోడ. చాచా మోటారు సైకిల్ మీద చీరలు, లుంగీలు, దుప్పట్లు వేసుకుని తల్లాడ దాటి, భద్రాచలం వైపు అడవి పల్లెలకు అమ్మకానికి వెళ్ళేవారు. ఎవరైనా ఉచితంగా చూసుకోగల, తప్పుంటే ఎవరైనా దిద్దగల ఆన్‌లైన్ మ్యాపు ఒకటుంది. తీరిక దొరికితే అందులో దారులు గీయడం నా అలవాటు. ఒకరోజు చాచాకు చూపించాను. అడవి మేరంతా ఉత్త పచ్చరంగు. ఆయన కళ్ళజోడు పైకెత్తి చూసి, "ఈడ గన్ని ఊళ్ళున్నయ్. గీ మ్యాపుల మనుషులే లేరేంది?" అన్నారు.

మర్నాటి నుంచి ఆయన జేబులోని ఫోన్ బండి తిరిగిన దారంతా రికార్డు చేసేది. సాయంత్రం ఆ గీతను మ్యాపు మీద పరిచి నేను బాటలు గీసేదాన్ని. పేర్ల దగ్గర ఆయనకు పట్టింపు ఎక్కువ. సర్కారు కాగితాల్లోని పేరు రాస్తే ఒప్పుకునేవారు కాదు. "ఆళ్ళ ఊరిని ఆళ్ళేమంటరో గదే రాయి. మనమెవలం పేరు పెట్టనీకి?"

ఒక వేసవిలో ఆయన బండి ఎండిన వాగు దాటింది. అక్కడ నేను రోడ్డు అని గుర్తు పెట్టేశాను. వానలు పడ్డాక ఒక ఆటో డ్రైవరు ఆ మ్యాపు నమ్మి, జ్వరంతో ఉన్న పిల్లను, ఆ పిల్ల తండ్రిని ఎక్కించుకుని అటే వెళ్ళాడు. వాగు పొంగుతోంది. ఆటో బురదలో దిగబడితే, తండ్రి పిల్లను భుజాన వేసుకుని వెనక్కి నడిచాడు. పిల్ల బతికింది. సంగతి చాచా చెప్పగానే నేను ఏడ్చేసి, ఇక మ్యాపు ముట్టనన్నాను.

"నా బండి ఎండకాలం పోయింది. వానకాలం సంగతి నువ్వడగలే, నేను చెప్పలే. ఇద్దరి తప్పు. ముట్టకుంటే ఆ తప్పు ఆడనే ఉంటది గదా బేటీ," అన్నారు.

ఆ వానకాలమంతా ప్రతి వాగు ఒడ్డునా బండి ఆపారు. సిగ్నల్ అందదు కాబట్టి మాట ఫోన్‌లో రికార్డు చేసుకొచ్చేవారు. "బేటీ, ఈడ నడుం దాకా నీళ్ళున్నయ్. గీత ఈడనే ఆపు." వెనక నీటి హోరు. అవన్నీ నా దగ్గరున్నాయి. మొన్న ఒకటి పెట్టాను. "బేటీ" అనగానే వినలేక ఆపేశాను.

ఆయన ఆఖరిసారి వెళ్ళిన పల్లెకు ఫోన్లు కలవవు. ఎవరో ఒకరు చెప్పిరావాలి. చాచీ బండి తాళం నా చేతిలో పెట్టింది.

ఆ పల్లెలో బండి చప్పుడుకే ఇళ్ళలోంచి ఆడవాళ్ళు బయటికొచ్చారు. ఒక ముసలమ్మ అరుగు మీద ఆరబోసిన ఇప్పపువ్వును రెండు చేతులతో పక్కకు జరిపి, మనిషి కూర్చునేంత చోటు చేసింది. బండి దగ్గరికొచ్చాక నన్ను చూసింది. నా వెనక దారి వైపు చూసింది.

"సాయిబు వెనకొస్తుండా?"

చెప్పాను.  నేను అక్కడున్నంత సేపూ ఆమె ఆ చోట పువ్వును మళ్ళీ పరవలేదు.