ఎత్తు తగ్గిన ఏనుగు

పోయిన ఆదివారం మా మేనల్లుడు కొత్తగా కొన్న పాత జీపొకటి తెచ్చి వాకిట్లో నిలబెట్టాడు. అసలే ఎత్తు బండి, దాన్ని ఇంకా లేపించాడట. ఈమధ్య కుర్రాళ్ళకి అదొక సరదా. "ఎక్కత్తా, అలా రావులపాలెం దాకా వెళ్ళొద్దాం" అన్నాడు. కాలెత్తి చూశాను, అందలేదు. పీట తెచ్చి వేశాడు. పీటెక్కి, తలుపు పట్టుకుని, సగం లేచి, అక్కడ ఆగిపోయాను. పైకీ వెళ్ళలేను, కిందకీ రాలేను. ఎదురింటావిడ గేటు దగ్గరికొచ్చి చూస్తోంది. చూడనీ, ఈ వయసులో సిగ్గొకటా? ఎలాగో కూలబడ్డాను. బండి రోడ్డెక్కాక వాడు కాస్త మొహమాటంగా, "స్పీడందుకుంటే కొంచెం ఊగుద్దత్తా. స్టీరింగ్ ఒకచోట నిలబడదు. ఎవరికి చూపించినా ఒక్కొక్కరూ ఒక్కోటి చెబుతున్నారు" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. నవ్వితే నడుం పట్టేసింది. ఒరే నాయనా, ఈ ఊగుడు నాకు కొత్తా? నా డిగ్రీ చదువంతా ఇలా ఊగుతూనే అయ్యింది.

అప్పుడు నేను కొత్తపేట దగ్గర మా పెదనాన్నగారింట్లో ఉండి అమలాపురం కాలేజీకి వెళ్ళేదాన్ని. పెదనాన్నకి ఒక పికప్పు బండి ఉండేది. మిలిటరీ వాళ్ళు వాడి వదిలేసిన బండి, నాలుగు చక్రాలూ లాగుతాయి, ముందు ముగ్గురు కూచోవచ్చు, వెనకంతా తొట్టె. ఇటుకా, ఇసకా, కొబ్బరికాయా ఏది దొరికితే అది తోలేవారు. నేను వాళ్ళింటికి రాకముందు ఒక వరదలో గోదారి మధ్యనున్న లంక జనాన్ని ఇవతలికి తెస్తూంటే, కాజ్‌వే నడిమధ్య ఇంజన్లోకి నీళ్ళు పోయి బండి ఆగిపోయిందట. జనాన్ని పడవలవాళ్ళు దింపుకున్నారుగానీ, పెదనాన్నకి తల కొట్టేసినట్టయింది. వరద తీయగానే చక్రాల మీది కమాను కట్టల్లో అదనంగా ఇనప పట్టీలు వేయించి, పెద్ద టైర్లు ఎక్కించి, పొగగొట్టాన్ని నెత్తిమీదకి లాగించి, బండిని మనిషి నడుమెత్తుకి లేపేశారు. మరుసటేడు గోదారికి ఎర్రనీళ్ళొచ్చి కాజ్‌వే మునిగితే, అదొక్కటే దర్జాగా అటూ ఇటూ తిరిగింది. పాలూ, కిరసనాయిలూ, బియ్యమూ అటు, ముసలివాళ్ళూ బాలింతలూ ఇటు. లంకవాళ్ళు దానికి ఏనుగని పేరు పెట్టారు. "ఏనుగొచ్చిందా అండి?" అని ఎవరన్నా అడిగితే, "ఆయ్, వచ్చిందండి" అని పెదనాన్న చెప్పే తీరు చూడాలి. ఆ రెండు ముక్కలకే మీసం లేచేది.

అయితే ఏనుగు నీళ్ళలోనే ఏనుగు. రోడ్డెక్కితే దాని సంగతి చెప్పకూడదు. తిన్నటి రోడ్డు మీద కూడా స్టీరింగ్ కుడికీ ఎడమకీ తిప్పుతూనే ఉండాలి, లేకపోతే తన దారి తను చూసుకుంటుంది. మన కోనసీమ రోడ్ల గురించి చెప్పేదేముంది, ఒకపక్క కాలవ, ఒకపక్క చేను, మధ్యలో ఎదురొచ్చే బస్సు. మలుపు తిరిగితే తొట్టె ఒకవైపు ఒరిగి, మళ్ళీ తీరిగ్గా నిలబడేది. ఖాళీగా ఉన్నప్పుడు ప్రతి గుంతకీ ఎగిరేది. పెదనాన్నకి ఇవేమీ పట్టేవి కావు. ఇటుకలు ఫిర్యాదు చెయ్యవు కదా.

మా పెద్దమ్మ టీచరు. వాళ్ళమ్మ పరాయి చేలల్లో నాట్లు వేసిన మనిషి. కూతుర్ని మాత్రం చేలో కాలు పెట్టనివ్వకుండా చదివించింది. అలాంటి పెద్దమ్మకి ప్రమోషన్ వచ్చి, అంబాజీపేట దాటాక రాజోలు వైపు కాలవగట్టు మీదున్న ఒక బడికి హెడ్ మిస్ట్రెస్‌గా వేశారు. కుర్చీ వెనక పలక మీద తన పేరు రాసిన రోజున వాళ్ళమ్మని తీసుకెళ్ళి చూపించి వచ్చింది. ఆ మరుసటేడు వానాకాలంలో పెరట్లో నాచు పట్టిన గచ్చు మీద జారి నడుం మీద పడింది. ఆపరేషన్ అక్కర్లేదన్నారు. అయితే బస్సుల్లో నిలబడకూడదు, కుదుపులు పనికిరావు, వీలైతే ఉద్యోగం మానేయమన్నారు కాకినాడ డాక్టరుగారు. "మానేసి ఇంట్లో ఏం చెయ్యనండీ, గోడలకి ఎక్కాలు చెప్పనా?" అంది పెద్దమ్మ. బదిలీకి అర్జీ పెట్టుకుంటే రాలేదు. రోజూ అద్దెకారు పెట్టుకునే స్తోమత లేదు. మిగిలింది ఏనుగే.

మొదటి రోజు నాకింకా గుర్తు. స్టీరింగ్ దగ్గర పెదనాన్న, మధ్యలో నేను, గేరు రాడ్డు నా మోకాళ్ళ మధ్య. అటుపక్క పీట వేసి ఎక్కించిన పెద్దమ్మ, వీపు వెనక బూరుగుదూది దిండు. బండారులంక చీర పాతదొకటి చింపి ఆ దిండుకి గలీబు కుట్టింది. ఊరు దాటేసరికే ఆవిడ పెదవి కొరుక్కోవడం మొదలెట్టింది. అంబాజీపేటలో నేను దిగి అమలాపురం బస్సెక్కాలి. దిగేముందు చూస్తే కళ్ళనిండా నీళ్ళు. సాయంత్రం బడి పిల్లల పుస్తకాలు తెచ్చుకుంది. దారిలో దిద్దుదామనుకుందట. ఒక పుస్తకంలో పేజీ ఈ చివర్నుంచి ఆ చివరిదాకా ఎర్రగీత సాగిపోయి ఉంది. "ఈ పిల్లాడు నన్నేమనుకుంటాడే? టీచరుగారికి పిచ్చెక్కిందనుకోడూ?" అని నవ్వి, నవ్వుతూనే నడుం పట్టుకుంది.

అక్కణ్ణుంచి ఏనుగుకి వైద్యం మొదలైంది. మన ఊళ్ళలో సలహాలకి కరువా? గాలి తగ్గించమన్నారొకరు. తగ్గిస్తే కుదుపు తగ్గింది, ఊగుడు పెరిగింది. గాలి పెంచమన్నారింకొకరు. అది మరీ ఘోరం. చివరికి పెదనాన్నకే ఒక ఆలోచన తట్టింది. కాయ లోడు మీదున్నప్పుడు బండి మెత్తగా పోతుంది కదా? అయితే రోజూ లోడుంటే సరి! తొట్టె నిండా కొబ్బరికాయల బస్తాలు వేయించేశారు. అవి అమ్మడానికి కాదు, పెద్దమ్మ నడుం కోసం. పొద్దున్న బడికెళ్ళి, సాయంత్రం మళ్ళీ ఇంటికొచ్చే కాయలు. తోక దగ్గర వేస్తే ముందుభాగం తేలిపోయి స్టీరింగ్ ఇంకా మాట వినలేదని, బస్తాలన్నీ మా వీపుల వెనక్కి జరిపించారు. నిజం చెప్పొద్దూ, కొంచెం నయమనిపించింది. అయితే అంబాజీపేటంటే కొబ్బరి సంత. కాయల బండి రోజూ వచ్చి, ఆగకుండా పోతూంటే అక్కడి వర్తకులు ఊరుకుంటారా? "ఏవండోయ్, ఎక్కడిస్తున్నారండి కాయ? మాకంటే ఎక్కువెవరిస్తున్నారండి?" అని వెంటపడేవారు. "అమ్మకానికి కాదండి బాబూ" అంటే నమ్మేవారు కాదు. ఇంతలో వానలు పట్టాయి, బస్తాల్లో కాయలకి మొలకలొచ్చాయి. వాటిని బడిలో కొట్టిస్తే పిల్లలు లోపలి కొబ్బరిపువ్వు కోసం కొట్టుకున్నారు. పెద్దమ్మకి కొబ్బరి టీచరని పేరొచ్చింది.

నవ్వుకోడానికి బాగానే ఉంది. ఆవిడ నడుం మాత్రం నవ్వలేదు. కుర్చీలో కూచోలేక పాఠమంతా నిలబడి చెప్పేదట. ఇంటికి రాగానే చాప మీద వాలిపోయేది, నేనే వంట చేసేదాన్ని. రావులపాలెం మేస్త్రీ బండి కింద దూరి చూసి, "ఎత్తు తగ్గిస్తే తప్ప లాభం లేదండి" అన్నాడు. పెదనాన్న కస్సుమన్నారు. "ఎత్తు తగ్గిస్తే గోదారొచ్చినప్పుడు ఏం చేస్తావయ్యా, నువ్వు మోస్తావా వాళ్ళని?" అన్నారు. పెద్దమ్మ ఒక్కసారి కూడా తగ్గించమని అడగలేదు. లంకవాళ్ళకి అదెంత ఆధారమో ఆవిడకీ తెలుసు. చివరికి ఒకరోజు భోజనాల దగ్గర, మజ్జిగ పోస్తూ, చాలా మామూలుగా, "ఈ నెలాఖరుకి రిటైర్‌మెంట్ పెట్టేసుకుంటానండి. ఇంక నావల్ల కాదు" అంది. పెదనాన్న తల ఎత్తలేదు. మజ్జిగన్నం కలిపిన చెయ్యి కలిపినట్టే ఉండిపోయింది.

మర్నాడు పొద్దున్నే బండి తీసుకుని వెళ్ళిపోయారు. ఎక్కడికో చెప్పలేదు. పెద్దమ్మ సెలవు పెట్టింది. మూడోనాడు మధ్యాహ్నం చప్పుడు విని వీధిలోకి వచ్చాం. గేటు ముందు ఆగిన బండిని ముందు మేం గుర్తుపట్టలేదు. అదనపు పట్టీలన్నీ తీయించేశారు. పెద్ద టైర్లు పోయి మామూలు టైర్లొచ్చాయి. ముందు చక్రాలు తిప్పి వదిలితే వాటంతట అవే తిన్నగా వచ్చేలా ఇరుసు దగ్గర ఏటవాలు ఇనపముక్కలు వేయించారు. అరిగిన బుష్షులూ, షాకబ్జర్లూ మార్పించారు. ఏనుగు కాస్తా గేదంత అయిపోయింది. "ఎక్కండి టీచరుగారూ" అన్నారు పెదనాన్న, అటుపక్క తలుపు తీసి పట్టుకుని. పెద్దమ్మ దాని వైపు చూసి, ఆయన వైపు చూసి, ఎక్కి కూచుంది. పీట అక్కర్లేదు, ఎవరి చెయ్యీ అక్కర్లేదు. కాలవగట్టు మీద బండి గీత గీసినట్టు వెళ్ళింది. తిరిగొచ్చేటప్పుడు ఆవిడ ఒళ్ళో పుస్తకాలు పెట్టుకుని దిద్దింది. ఒక్క టిక్కు కూడా పక్కకి పోలేదు. ఆ పుస్తకం పెదనాన్నకి చూపిస్తే ఆయన అర్థం చేసుకుని, అవునన్నట్టు తలూపి, మళ్ళీ రోడ్డు మీదకి చూపు తిప్పుకున్నారు.

ఆ శ్రావణంలో వరదొచ్చింది. బళ్ళకి సెలవిచ్చారు. ముగ్గురం రేవు దాకా వెళ్ళాం. కాజ్‌వే మీద నీళ్ళు బండి తలుపు సగానికి వస్తాయి, దింపలేం. అవతల జనం వానలో నిలబడి ఉన్నారు. పడవలున్నాయి, ఎవరికీ ప్రాణం మీదకి రాలేదుగానీ, పొద్దుటినుంచి సాయంత్రం దాకా తడుస్తూ వంతు కోసం కూచున్నారు పాపం. పడవ దిగిన ఒక ముసలామె బండిని ఎగాదిగా చూసి, "అయ్యో, ఏనుగు చిక్కిపోయిందేంటండి బాబూ?" అంది. పెదనాన్న నవ్వబోయి నవ్వలేకపోయారు. పంచె ఎగగట్టి మోకాళ్ళ నీళ్ళలోకి దిగి, పడవల్లోంచి ముసలివాళ్ళని చేతులతో ఎత్తి ఒడ్డుకి చేర్చడం మొదలెట్టారు. తడిసి ముద్దయి వచ్చినప్పుడు పెద్దమ్మ, "నా మూలాన్నే కదండీ ఇదంతా" అంది. ఆయన తల తుడుచుకుంటూ, "గోదారి ఏడాదికోసారొస్తాది టీచరుగారూ. మీరు రోజూ వెళ్ళాలి కదా" అన్నారు. పంచె చెంగు పిండుకుంటూ, "మీ సర్వీసయ్యేక మళ్ళీ లేపేద్దాం లెండి, పట్టీలెక్కడికీ పోవు" అన్నారు. నిజంగానే దాచారు. గ్రీజు రాసి, గోనెసంచిలో చుట్టి, కొట్టంలో అటక మీద పెట్టించారు. ఏటా వానాకాలం ముందు దింపి తుడిచి మళ్ళీ పెట్టేవారు.

ఆ బండిలోనే పెద్దమ్మ సర్వీసంతా పూర్తి చేసింది. నాకు పెళ్ళయి నేను వచ్చేశాను. ఆవిడ రిటైరయిన వారానికి చూడ్డానికి వెళ్ళాను. వాడిన దండలు ఇంకా వసారా మేకుకే వేలాడుతున్నాయి. నేను ఉండగానే రావులపాలెం మేస్త్రీ, సర్వీసయ్యాక మళ్ళీ ఎక్కించాలని పెదనాన్న తనతో అన్న మాట గుర్తుంచుకుని వచ్చాడు, అతనికీ జుట్టు నెరిసింది. "అమ్మగారి సర్వీసయ్యింది కదండి, పట్టీలు ఎక్కించేద్దామాండి మరి?" అన్నాడు. పెదనాన్న బండి దగ్గరికి నడిచారు. తలుపు తీసి, ఒక చేత్తో పైన పట్టుకుని, కాలు పైకి పెట్టారు. తగ్గించిన బండే అది. అయినా లేవలేక, మోకాలు పట్టుకుని, కాలు మళ్ళీ కిందకి దించుకున్నారు. "ఉండనీవయ్యా. ఇప్పుడు లేపితే నేనెక్కలేను" అన్నారు. పెద్దమ్మ వసారాలోంచి అది చూసి లోపలికెళ్ళిపోయింది. నాకు ఏడుపొచ్చింది. ఇప్పుడు వాళ్ళిద్దరూ లేరు. ఆ పట్టీలు ఏమయ్యాయో తెలీదు.

ఇదంతా మా మేనల్లుడికి చెబితే, స్టీరింగ్ అటూ ఇటూ తిప్పుకుంటూ విన్నాడు. "అంటే దించెయ్యమంటావా అత్తా? దించితే ఇంక ఈ బండెందుకు?" అన్నాడు. నేను వాదించలేదు. ఇంటి ముందు ఆపి, పరుగున వచ్చి పీట వేసి, నా చెయ్యి పట్టుకుని దింపాడు, మంచి పిల్లాడు. తర్వాత చూసుకుందామని మనం అటకెక్కించిన రోజులు ఎప్పటికైనా వస్తాయి, వచ్చి గుమ్మం ముందు నిలబడి పిలుస్తాయి కూడా, కానీ అప్పటిదాకా మన మోకాళ్ళు వాటికోసం ఆగి ఉండవు.